వజ్రసీమలో ఖాళీ జాగా

విద్యాసాగర్‌కు తన దేశాన్ని కట్టడానికి ఏడు నెలలు పట్టింది. ఆ దేశం భూమ్మీద ఎక్కడా లేదు. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఆయన కిరాయికి ఉన్న ఇంట్లో, ముందుగది గోడవార బల్ల మీద, పటాలు గీసే నాలుగడుగుల ట్రేసింగ్ గుడ్డ పైన అది పుట్టి పెరిగింది. పేరు వజ్రసీమ. పదకొండు కొండలు, మూడు నదులు, నూట నలభై ఆరు ఊళ్లు. ప్రతి ఊరికీ పేరుంది, ప్రతి కొండకీ ఎత్తుంది. ఆఖరికి పొలాలకు సర్వే నంబర్లు కూడా వేశాడంటే మనిషి ఎంతవరకు వెళ్లాడో మీరే చూసుకోండి.

ఆయన భూముల కొలతల దఫ్తరులో నక్షాలు గీసే ఉద్యోగి. ఎవరో కొలిచిన పొలాలను, ఎవరో పాతిన హద్దురాళ్లను శుభ్రంగా ఎత్తి గీయడమే పని. పద్దెనిమిదేళ్లుగా అదే చేస్తున్నాడు. చేయి మంచిది, గీత తీస్తే వెంట్రుకవాసి తేడా రాదు. అయితే నక్షా కింద మూలన ఒక గడి ఉంటుంది. అందులో పెద్ద అక్షరాలతో పడేది అఫ్సరు పేరు. గీసినవాడి గుర్తుగా రెండు పొడి అక్షరాలు, అవీ భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. ఇన్నేళ్లలో ఇది నాది అని చెప్పుకోదగ్గ గీత ఒక్కటీ గీయలేదని ఆయనకు లోపల చాలా బాధగా ఉండేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. భార్య అనసూయకూ చెప్పలేదు గానీ, ఆమె కనిపెట్టింది.

ఇంతకీ లేని దేశంతో ఏం పని అంటారా? ఆట కోసం. అరవై తొమ్మిదిలో కర్ఫ్యూ పెట్టినప్పుడు ఆ ఆవరణలోని వాళ్లు గేటు దాటలేక పేకాటకు కూర్చున్నారు. మూడో రోజుకు ఇస్పేటు రాజు చిరిగిపోయింది. ఏమీ తోచక విద్యాసాగర్ పాత క్యాలెండర్ వెనక ఒక కోట గీశాడు. మీరు ముగ్గురు బాటసారులు, పొద్దు గూకుతోంది, కోట తలుపు మూసి ఉంది, ఇప్పుడు ఏం చేస్తారు అని అడిగాడు. ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. గోడ దూకుతానన్న మనిషి నిజంగా దూకగలడా అని తగువు వచ్చింది. అనసూయ లోపలి నుంచి అష్టాచెమ్మా గవ్వలు నాలుగు తెచ్చి మధ్యలో పడేసింది. గవ్వలు ఎక్కువ వెల్లకిలా పడితే దూకినట్టు, ఎక్కువ బోర్లా పడితే కాలు విరిగినట్టు, సగం సగం పడితే దూకాడు గానీ చెప్పు అవతలే ఉండిపోయినట్టు.

కర్ఫ్యూ ఎత్తేశారు గానీ ఆట ఆగలేదు. ప్రతి ఆదివారం భోజనాలయ్యాక ముగ్గురూ వచ్చి చాప మీద కూర్చునేవారు. శ్యామ్‌సుందర్ బీమా కంపెనీలో గుమాస్తా, పాత హైదరాబాద్ కుటుంబం. ఆబిడ్స్‌లో రోడ్డు దాటాలంటే రెండుసార్లు ముందుకూ మూడుసార్లు వెనక్కూ వేసే మనిషి, ఆటలో మాత్రం సాహసి అయిన రాకుమారుడు. పెంటయ్య మెదక్ పక్క పల్లె నుంచి కూలికి వచ్చి, ఇప్పుడు మొజంజాహీ మార్కెట్‌లో పండ్లు అమ్ముతున్నాడు. ఆటలో ఆయన వైద్యుడు. ఇక పై వాటాలో ఉండే కోటేశ్వరమ్మ లక్డీకాపూల్‌లో సర్కారు టైపిస్టు. రాజధాని కర్నూలు నుంచి మారిన ఏడాది ఫైళ్లతో పాటు ఆమె కూడా లారీలో దిగింది. యాభై దాటిన ఆ సాధుప్రాణి ఆటలో కత్తి పట్టిన వీరనారి. అప్పటికి నలభై మూడు తలలు నరికింది.

రెండేళ్లకు ఆ కోటలో ఆఖరి తలుపు తెరుచుకుంది, నిధి దొరికింది, ఆట అయిపోయింది. కొత్త దేశం కడతానని విద్యాసాగర్ మాట ఇచ్చాడు. ఇచ్చిన మాట ఏడు నెలలు సాగేసరికి శ్యామ్‌సుందర్‌కు విసుగు పుట్టింది. ఒక్క ఆదివారం చూస్తానని, నచ్చకపోతే ఇక రమ్మీయేనని తేల్చి చెప్పాడు. రమ్మీ అంటే ఏమిటో విద్యాసాగర్‌కు తెలుసు. అందులో ముక్కలు పంచేవాడుంటాడు గానీ గీసేవాడికి చోటుండదు. ఆదివారం కూడా పోతే, వారంలో ఏడు రోజులూ ఆయన ఎవరిదో ఎత్తి గీసేవాడే.

అందుకే ఒళ్లు దాచుకోకుండా గీశాడు. అక్కడే చిక్కొచ్చింది. వాళ్ల దఫ్తరులో ఒక నియమం ఉంది. నక్షాలో తెల్ల జాగా కనిపించకూడదు. కనిపిస్తే అఫ్సరు వాపసు కొడతాడు. బంజరైతే బంజరని రాయాలి, రాళ్లయితే రాళ్లని రాయాలి. పద్దెనిమిదేళ్లు ఆ నియమం కింద బతికిన చేతికి తెల్ల గుడ్డ కనబడితే దురద పుడుతుంది. వజ్రసీమలో వేలు పెట్టడానికి ఖాళీ లేకుండా నింపేశాడు. గుడ్డ మీద పట్టనిదంతా రెండు వందల పేజీల పుస్తకంలో రాశాడు. అన్నీ అయ్యాక కింద మూలన గడి కట్టి, దఫ్తరులో అఫ్సరు పేరు పడే సైజులో, విద్యాసాగర్ అని పూర్తిగా రాసుకున్నాడు. రాసి చాలాసేపు చూసుకున్నాడు.

సీతాఫలాలు వచ్చే కాలంలో ఒక ఆదివారం దేశాన్ని పరిచారు. ఎన్నాళ్లో చుట్టి పెట్టిన గుడ్డ కాబట్టి పరిచీ పరచగానే చుట్టుకుపోతోంది. ఒక మూల ఇత్తడి చెంబు, ఒక మూల గవ్వల డబ్బా, ఒక మూల ఇస్త్రీపెట్టె పెట్టారు. నాలుగో మూలను విద్యాసాగర్ తానే పట్టుకున్నాడు, అదీ పేరు కనిపించేలా రెండు వేళ్లతో. ముగ్గురూ నోరు తెరుచుకుని చూశారు. పెంటయ్య అయితే చేతులు పంచెకు తుడుచుకుని గాని గుడ్డను ముట్టలేదు.

ఉత్తరానికి పోతామన్నారు. విద్యాసాగర్ పుస్తకం తీసి చదివాడు. కోసున్నర దూరంలో పాలపిట్టగూడెం, జనాభా నాలుగు వందల పన్నెండు, బావులు ఆరు, అందులో ఉప్పునీళ్లవి రెండు. ఆ ఊరి వైద్యుడెవరని పెంటయ్య అడిగాడు. ఎనభై మూడో పేజీలో ఉంది, వైద్యుడి పేరు, వయసు, ఏ వేలికి ఉంగరం పెట్టుకుంటాడో కూడా. అడవిలో దొంగలున్నారా అన్నాడు శ్యామ్‌సుందర్. ఉన్నారు, పదిహేడు మంది, నూట నాలుగో పేజీ. ఏది అడిగినా జవాబు సిద్ధంగా ఉంది. అడగకపోయినా ఉంది. గంట తిరిగేసరికి అడగడం మానేశారు. వైద్యుడు గోడకు ఆనుకుని కునుకు తీశాడు. రాకుమారుడు ఆవలించాడు.

ఎలాగో వజ్రసీమ కోట దగ్గరికి చేరారు. ద్వారం దగ్గర మూడు తలల రాక్షసుడు కావలి ఉన్నాడనీ, ఎత్తు పదకొండు గజాలనీ విద్యాసాగర్ చదివాడు. అందరూ కోటేశ్వరమ్మ కత్తి వైపు చూశారు. ఆమె కళ్లజోడు సర్దుకుంది.

"డ్యూటీలో ఉన్నవాణ్ణి నరికి ఏం లాభం నాయనా? రేపు ఇంకొకణ్ణి పెడతారు. అర్జీ పెట్టుకుందాం. ఆ మూడు తలల్లో అర్జీలు తీసుకునే తల ఏది?"

విద్యాసాగర్ పుస్తకం తిరగేశాడు. రాక్షసుడి పళ్ల లెక్క ఉంది గానీ ఈ సంగతి లేదు. ఏమంటున్నాడో తనకే తెలియకుండా నోరు జారాడు.

"నడిమి తల. అది ఇయ్యాల ఛుట్టీల ఉన్నది."

పెంటయ్యకు మెలకువ వచ్చేంత గట్టిగా నవ్వారు. అయితే సెలవులో ఉన్న నడిమి తల పని ఇప్పుడు ఎడమ తల చూస్తోందా, కుడి తల చూస్తోందా అని కోటేశ్వరమ్మ ముందుకు జరిగింది. ఎడమ తలను మంచి చేసుకుంటే పని అవుతుందని శ్యామ్‌సుందర్ అన్నాడు. ఆ తలకు పంటి నొప్పేమన్నా ఉందా, ఉంటే తన దగ్గర మందుందని పెంటయ్య అందుకున్నాడు. విద్యాసాగర్‌కు భయం వేసింది. ఇవన్నీ ఒప్పుకుంటే నూట ముప్పై నుంచి నూట నలభై రెండు దాకా పేజీలన్నీ తప్పవుతాయి. రాక్షసులు అర్జీలు తీసుకోరనీ, పుస్తకంలో లేదనీ చెప్పేశాడు. చేసేది లేక కోటేశ్వరమ్మ గవ్వలు వేసింది. బోర్లా పడ్డాయి, కత్తి విరిగింది. ఆమె చాయ్ గ్లాసు అందుకుంది.

వెళ్తూ వెళ్తూ శ్యామ్‌సుందర్ గుమ్మంలో ఆగాడు. నక్షా మాత్రం అద్భుతంగా ఉందని మెచ్చుకున్నాడు. చనిపోయినవాళ్ల ఇంట్లో మాట్లాడే గొంతుతో మెచ్చుకున్నాడు.

"వచ్చే ఐతారం రమ్మీ ఆడుకుందాం భాయ్. పత్తాలు నేనే తెస్తా."

ఆ సాయంత్రం విద్యాసాగర్ అనసూయ కాల్చిన సర్వపిండి ముట్టలేదు. అంత కష్టపడితే విలువ తెలియని జనం అని గోడకు చెప్పుకున్నాడు. గోడ ఊరుకుంది గానీ అనసూయ ఊరుకోలేదు. వంటింటి గుమ్మంలో కూర్చుని ఆట మొత్తం విన్న మనిషి ఆమె.

"ఇయ్యాల వాళ్లు ఒక్కపారే నవ్విన్రు. గదీ మీకు జవాబు తెల్వనప్పుడే."

ఆయనకు ఒళ్లు మండింది. రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు. మంగళవారం దఫ్తరులో ఆయన గీసిన నక్షా ఒకటి వాపసు వచ్చింది. ఒక కొండ పక్కన గోరంత తెల్ల జాగా మిగిలిందట, అక్కడ ఏముందో రాయమన్నారు. కొలిచినవాళ్ల పుస్తకంలో బంజరు అని ఉంది. పెన్ను ముంచి బంజరు అని రాశాడు. రాశాక ఆ మాట వంక చూస్తూ ఉండిపోయాడు. అంతకుముందు అక్కడ ఏముందో అని ఒక్క క్షణమైనా అనిపించింది. ఇప్పుడు ఇక ఎవరికీ అనిపించదు. భార్య చెప్పింది నిజమని ఆ క్షణంలో ఒప్పుకున్నాడు, ఆమె ఎదురుగా లేదు కాబట్టి సులువుగానే ఒప్పుకున్నాడు.

దఫ్తరు వదిలాక ఆబిడ్స్‌లో బ్లేళ్ల పొట్లం ఒకటి కొని మార్కెట్ మీదుగా నడిచాడు. పెంటయ్య దుకాణం ముందు కూర్చుని సీతాఫలాలు ఏరుతున్నాడు. పొద్దున రాయిలా ఉన్న పండు సాయంత్రానికి మెత్తబడి, తెల్లారేసరికి ఈగల పాలవుతుందనీ, ఈ పండుకు ఒక్క పూట ఓపిక ఉంటే తాను ఎప్పుడో బాగుపడేవాడిననీ చెప్పుకొచ్చాడు. మాట మధ్యలో ఆగి, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూశాడు.

"సారూ, గా నడిమి తల ఛుట్టీకి ఏడికి వోయింది?"

విద్యాసాగర్‌కు అర్థమైంది. రెండు రోజులుగా ఈ మనిషి పండ్లు ఏరుతూ ఆ తల గురించే ఆలోచిస్తున్నాడు. నూట నలభై ఆరు ఊళ్లలో ఒక్క ఊరి పేరైనా పెంటయ్యకు గుర్తుండదు. తెలియదని జవాబిచ్చాడు. ఆ మాట అన్నందుకు ఆయనకు సంతోషం కలగడం అదే మొదటిసారి.

మరునాడు పొద్దున్నే వాకిట్లో చాప వేసి వజ్రసీమను పరిచాడు. ట్రేసింగ్ గుడ్డ మీద సిరా పోవాలంటే రబ్బరుతో పోదు, బ్లేడుతో పైపైన గీకాలి. కొంచెం నొక్కితే గుడ్డ చిరుగుతుంది. పాలపిట్టగూడెం పోయింది. దాని ఆరు బావులూ పోయాయి. పదిహేడు మంది దొంగలూ ఒక్క దెబ్బకు ఖాళీ చేశారు. అనసూయ చీపురు పట్టుకుని వచ్చి గుండె మీద చెయ్యేసుకుంది.

"ఏడు నెలలు గీసిందంత గీకేస్తున్రా?"

"అంత కాదు. సగం. నువ్వు గీడ కూసొని గోటితోని రుద్దు. నున్నగ చెయ్యకుంటే కొత్త సిరా పాకుతది."

ఆమె కూర్చుంది. కొత్త సిరా అన్న మాట ఆమెకు నచ్చింది. శనివారం దాకా రోజూ దఫ్తరుకు వెళ్లేముందు గంటసేపు ఆయన గీకడం, ఆమె రుద్దడం. కొండలుంచాడు, ఒక నది ఉంచాడు, కోటను ఉంచాడు, కోట నుంచి బయలుదేరి ఎటో వెళ్లే బాట ఒకటి ఉంచాడు. మిగతాదంతా తెలుపు. కింద మూలన గడి దగ్గరికి వచ్చేసరికి బ్లేడు ఆగింది. అందులోని పేరు గీకడానికి చెయ్యి రాలేదు. దాన్ని మాత్రం వదిలేశాడు. అనసూయ చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

ఆదివారం శ్యామ్‌సుందర్ అన్నమాట ప్రకారం కొత్త పేకకట్టతో వచ్చాడు. మెరిసే కాగితం కూడా విప్పలేదు. మర్యాదకు ఒక గంట చూస్తానని కిటికీ దగ్గర మంచం మీద కూర్చున్నాడు. విద్యాసాగర్ గుడ్డ పరిచి, మూడు మూలలకు బరువులు పెట్టి, నాలుగో మూలను వేళ్లతో పట్టుకున్నాడు. పుస్తకం తేలేదు. తెల్ల జాగాలు చూసి చెదలు పట్టిందా అని పెంటయ్య కంగారుపడ్డాడు. కోటేశ్వరమ్మ బాట వెంట వేలు నడిపించి, అది ఆగిన చోట ఆపింది. ఇక్కడ ఏముందని అడిగింది.

"నాకు తెల్వదు" అన్నాడు విద్యాసాగర్. "మీరు వోయినంకనే తెలుస్తది. పెంటయ్యా, నువ్వు ముంగట నడుస్తున్నవు. ఏం కనవడుతున్నది?"

పెంటయ్య సిగ్గుపడ్డాడు. తనకు చదువు రాదన్నాడు, నక్షాల సంగతి తనకేం తెలుసన్నాడు. అయినా తెల్ల గుడ్డ మీద చూపు నిలిపి, మెల్లగా చెప్పాడు.

"తోట ఉన్నది సారు. సీతాఫలాల తోట. గాడ పండు కుళ్లది. కోసి నెలైనా గట్లనే ఉంటది."

విద్యాసాగర్ పెన్ను ముంచి తోట గీశాడు. ఎవరో కొలిచింది కాదు, ఎవరో చెప్పిన లెక్కా కాదు. పెంటయ్య నోట్లోంచి వచ్చింది తన వేళ్లలోంచి గుడ్డ మీదికి దిగుతుంటే ఆయన చెట్టు చెట్టుకూ కాయలు కూడా వేశాడు. మరి అంత మంచి తోటను జనం ఎందుకు కొల్లగొట్టలేదని అడిగాడు. వంటింటి గుమ్మంలోంచి అనసూయ చెప్పింది, ఆ పండు అక్కడే కూర్చుని తినాలట, కంచె దాటిస్తే రాయి అయిపోతుందట. పెంటయ్య లబలబలాడాడు. కుళ్లని పండు దొరికీ బజారుకు తేలేకపోతే ఇక ఎందుకు? దానికేదో మార్గం ఉండాలని పట్టుబట్టాడు. మార్గం కోటలోనే ఉంటుందనీ, ఈ సంగతి అర్జీలో రాస్తాననీ కోటేశ్వరమ్మ నిజం కాగితమే తీసింది. అనసూయ చాయ్ కెటిల్ తెచ్చి, ఇక లోపలికి పోకుండా ఆమె పక్కనే కూర్చుంది.

కోట ద్వారం దగ్గర ఎడమ తల అర్జీ తీసుకుంది. చదివింది. ఇది మా సెక్షన్ కాదంది. పదిహేనేళ్లుగా దఫ్తరులో ఆ మాట వింటున్న కోటేశ్వరమ్మ కొంగు దోపుకుని ఆ తలను అడిగిన ప్రశ్నలకు అది బిక్కచచ్చిపోయి, నడిమి తల ఛుట్టీకి ఎక్కడికి వెళ్లిందో చెప్పేసింది. నది అవతలికి వెళ్లిందట, అత్తగారింటికి. నది దాటాలి. దాటాలంటే పడవ కావాలి. పడవ గీయడానికి ఒక చెయ్యి, గవ్వలకు ఒక చెయ్యి కావలసి వచ్చి విద్యాసాగర్ మూల వదిలేశాడు. గుడ్డ చుట్టుకుపోయి నదిని మింగేసింది. సరిచేశాడు. మళ్లీ చుట్టుకుంది. సరిగ్గా కోటేశ్వరమ్మ పడవలో కాలు పెట్టినప్పుడు మూడోసారి చుట్టుకుంది.

మంచం మీద శ్యామ్‌సుందర్ లేచాడు. గంట ఎప్పుడో దాటిపోయింది, ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. వచ్చి, మూలను లాగి పరిచి, చేతిలోని పేకకట్టను దాని మీద పెట్టాడు. చాప మీద తన పాత చోట్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"పడవ నడిపేది రాకుమారుడు. మీకెవ్వరికి ఈత రాదు."

విద్యాసాగర్ తలెత్తలేదు. తలెత్తితే కళ్లు చూసి ఏడిపిస్తారని నదికి ఇంకో మెలిక గీస్తూ కూర్చున్నాడు. ఆయన దేశం బతికింది. అంతకన్నా సంతోషం ఆయనకు పద్దెనిమిదేళ్లలో కలగలేదు.

అనసూయ కన్ను మాత్రం ఆ మూల మీద పడింది. పేకకట్ట సరిగ్గా గడి మీద కూర్చుంది. విద్యాసాగర్ అన్న పెద్ద అక్షరాల్లో ఒక్కటీ కనిపించడం లేదు. ఆమె చెయ్యి చాచి దాన్ని పక్కకు జరపబోయింది.

"మీ పేరు మీద వెట్టిండు" అంది నెమ్మదిగా.

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనీ. గది జరిపితే దేశం చుట్టుకపోతది."

గవ్వలు తీసి శ్యామ్‌సుందర్ దోసిట్లో పోశాడు. నది మధ్యలో గాలి మొదలైందని చెప్పాడు. అవతలి ఒడ్డున ఏముందో ఆయనకు తెలియదు.